కుక్కపిల్ల అల్లరి అలవాట్లు: ఏ దిద్దుబాటు పద్ధతిని ఎంచుకోవాలి?

కుక్కపిల్ల ఇంట్లోనే మూత్రం పోస్తోందనీ, చేతులు కొరుకుతోందనీ, వచ్చినవారి మీదికి ఎగబడుతోందనీ, బయటికి తీసుకువెళితే ముందుకు లాగుతోందనీ చెప్పి, వీటన్నిటికీ మంచి పద్ధతి ఏదని అడిగేవారు చాలామంది ఉంటారు. ఒక్క మాటలో దీనికి జవాబు చెప్పలేం, ఎందుకంటే పైకి ఒకేలా కనిపించే పని వెనుక పూర్తిగా వేరువేరు కారణాలు ఉండవచ్చు. ఒంటరిగా వదిలినప్పుడు తలుపును గీకి పాడుచేసిన రెండు కుక్కల్లో ఒకటి ఏమీ తోచక ఆ పని చేసి ఉండవచ్చు, మరొకటి ప్రాణభయంతో చేసి ఉండవచ్చు. మొదటిదానికి నమలడానికి ఏదైనా ఇచ్చి, రోజూ తగినంత ఆడించి, తిప్పితే చాలావరకు సరిపోతుంది. రెండవదానికి అదే సలహా పాటిస్తే, ఇచ్చిన వస్తువును అది ముట్టనైనా ముట్టదు.

అందువల్ల పద్ధతులను పోల్చడానికి ముందు, ఈ పని వల్ల కుక్కకు ఏం దక్కుతోంది, లేదా దేని నుండి అది తప్పించుకోగలుగుతోంది అన్నది తేల్చుకోవాలి. కొన్ని రోజులపాటు అది ఆ పని ఎప్పుడు, ఎక్కడ చేసింది, అంతకు ముందు ఏం జరిగింది, వెంటనే ఇంట్లోవారు ఏం చేశారు అన్న నాలుగు విషయాలు రాసిపెట్టుకుంటే కారణం సాధారణంగా దానంతటదే బయటపడుతుంది. అలవాటైన కుక్క హఠాత్తుగా ఇంట్లో మూత్రం పోయడం మొదలుపెట్టినా, ముట్టుకుంటే కొత్తగా గుర్రుమంటున్నా, ముందుగా పశువైద్యుడికి చూపించాలి. మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు గానీ చెవినొప్పికి గానీ ఏ శిక్షణా మందు కాదు.

పద్ధతుల మధ్య అసలు తేడా

పేర్లు ఎన్ని ఉన్నా, ఎంచుకోవడానికి ఉన్న దారులు ప్రధానంగా నాలుగు: తప్పు చేసే అవకాశమే లేకుండా పరిసరాలను సర్దడం, చేయదగిన పనిని తాయిలంతో నేర్పడం, చేయరాని పనిని పట్టించుకోకుండా వదిలేయడం, భయంతో గానీ నొప్పితో గానీ ఆపించడం.

మొదటి దారిని చాలామంది శిక్షణగా లెక్కపెట్టరు. చెప్పులు అలమరలో పెట్టడం, చెత్తబుట్టకు మూత బిగించడం, అతిథులు వచ్చే వేళకు కుక్కను లీష్‌తో పట్టుకుని ఉండడం వంటివి దానికి కొత్తగా ఏమీ నేర్పవు, నిజమే. అయితే పదే పదే చేసిన పనే అలవాటవుతుంది కనుక, చేయనివ్వకపోవడమే సగం దిద్దుబాటు. పైగా దీని వల్ల కుక్కకు హాని లేదు, ఫలితం మొదటి రోజునే కనిపిస్తుంది. నా అభిప్రాయంలో ఏ సమస్యకైనా ముందుగా ఎంచుకోవలసినది ఇదే.

రెండవ దారి ఫలించడం ప్రధానంగా సమయపాలన మీద ఆధారపడుతుంది. కుక్క కూర్చున్న క్షణానికీ దానికి తాయిలం అందే క్షణానికీ మధ్య ఒకటి రెండు సెకన్ల కంటే ఎక్కువ ఆలస్యం ఉండకూడదు. తాయిలం కోసం జేబులో వెతుక్కునేలోగా అది లేచి నిలబడితే, బహుమతి లేచినందుకు దక్కినట్లవుతుంది. "మంచిది" వంటి ఒక పొట్టి మాటను గానీ క్లికర్ (నొక్కితే టక్కుమనే చిన్న పరికరం) శబ్దాన్ని గానీ ముందే తాయిలంతో జతచేసి అలవాటు చేస్తే, సరైన క్షణాన్ని ఆ శబ్దం గుర్తు చేస్తుంది, తాయిలం కొంచెం ఆలస్యమైనా ఫరవాలేదు. తాయిలానికి అలవాటుపడితే ఎప్పటికీ అది లేనిదే మాట వినదని కొందరు భయపడతారు. పని స్థిరపడిన తరువాత తాయిలాన్ని ప్రతిసారీ కాకుండా అప్పుడప్పుడు మాత్రమే ఇస్తే నేర్చుకున్న పని మరింత గట్టిపడుతుంది తప్ప పోదు.

మూడవ దారి గురించి ఎగబడడం దగ్గర చెబుతాను. నాలుగవ దారిని ఎంచుకునేవారు దాని వేగాన్ని చూసి ఎంచుకుంటారు. మెడలో బిగుసుకునే గొలుసు, ముళ్ళ కాలర్, షాక్ కాలర్, ముక్కును నేలకు రాయడం, వెల్లకిలా పడేసి అదిమిపట్టడం, ఇవన్నీ ఆ క్షణానికి పని చేసినట్లే కనిపిస్తాయి. కానీ కుక్క ఏ పని మానాలో తెలుసుకోవడంతో పాటు, ఆ నొప్పిని ఆ సమయంలో ఎదురుగా ఉన్న మనిషితోనో, పసిపిల్లతోనో, మరో కుక్కతోనో ముడిపెట్టుకుంటుంది. ఆ ముడిని విప్పడం అసలు సమస్యను దిద్దడం కంటే చాలా కష్టం. ప్రవర్తన సమస్యలతో అమెరికాలోని ఒక పశువైద్య కేంద్రానికి తీసుకువచ్చిన కుక్కల యజమానులను ప్రశ్నించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, కుక్కను కొట్టడమో తన్నడమో చేసి చూసినవారిలో 43 శాతం మంది, వెల్లకిలా పడేసి అదిమిపట్టినవారిలో 31 శాతం మంది, కుక్క తిరగబడిందని చెప్పారు. షాక్ కాలర్‌తో శిక్షణ పొందిన కుక్కలనూ తాయిలాలతో శిక్షణ పొందినవాటినీ పోల్చి 2014లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించిన ఫలితాల్లో షాక్ వల్ల అదనంగా ఒనగూడిన మేలు ఏదీ స్థిరంగా కనబడలేదు. 2020లో పోర్చుగల్‌లో 92 కుక్కలపై జరిగిన అధ్యయనంలో, కఠిన పద్ధతులు ఎక్కువగా వాడే శిక్షణ కేంద్రాల కుక్కల్లో ఒత్తిడి లక్షణాలు అధికంగా కనిపించాయి, శిక్షణ తరువాత లాలాజలంలో ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ కూడా ఎక్కువగా పెరిగింది. వేల్స్ 2010లోనే షాక్ కాలర్లను నిషేధించింది. వేగం ఒక్కటే దాని సుగుణమైనప్పుడు, ఆ వేగానికి చెల్లించే మూల్యం ఇంత ఉన్నప్పుడు, ఎదుగుతున్న కుక్కకు ఈ దారిని ఎంచుకోవడానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు.

కుక్కకు మనిషే నాయకుడని చాటాలనీ, దాన్ని అణచి ఉంచాలనీ చెప్పే సలహా ఇప్పటికీ విరివిగా వినిపిస్తుంది కనుక దాని మూలం గురించి ఒక మాట చెప్పాలి. ఆ ఆలోచనకు ఆధారం జంతు ప్రవర్తన పరిశోధకుడు రూడల్ఫ్ షెంకెల్ 1947లో బోనులో ఉంచిన తోడేళ్ళను గమనించి రాసిన పరిశీలన. అడవిలో తోడేళ్ళ గుంపు సాధారణంగా తల్లి, తండ్రి, వాటి పిల్లలు కలిసిన కుటుంబమేననీ, పెత్తనం కోసం నిత్యం పోట్లాడుకునే మూక కాదనీ తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1999లో వివరించారు. మంచం ఎక్కిన కుక్కపిల్ల రాజ్యం కోరుతున్నట్లు కాదు, మెత్తగా ఉంది కనుక ఎక్కింది.

ఇంట్లో మలమూత్రాలు: క్రేట్, కంచె, కాగితం

ఇక్కడ మూడు ఏర్పాట్ల మధ్య ఎంపిక ఉంటుంది. క్రేట్ (కుక్క పడుకోవడానికి పెట్టే తలుపున్న పెట్టె) పద్ధతి పడుకునే చోటును మురికి చేసుకోవడానికి ఇష్టపడని కుక్క సహజగుణాన్ని ఉపయోగించుకుంటుంది. తరచూ బయటికి తీసుకువెళ్ళగలిగే మనిషి ఇంట్లో ఉంటే అన్నిటికంటే త్వరగా ఫలించేది ఇదే. క్రేట్‌లో కుక్క నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్ళు చాపి పడుకోగలగాలి. అంతకంటే బాగా పెద్దదైతే ఒక మూల పడకగా, మరో మూల మరుగుదొడ్డిగా మారిపోతుంది. పగటిపూట పిల్ల ఎంతసేపు ఆపుకోగలదో అంచనా వేయడానికి దాని నెలల వయసుకు ఒకటి కలిపి, వచ్చిన సంఖ్యను గంటల్లో గరిష్ఠ హద్దుగా భావించవచ్చు. రెండు నెలల పిల్లను మూడు గంటలకు మించి మూసి ఉంచితే, అది క్రేట్‌లోనే పోయవలసి వచ్చి, శుభ్రత గురించిన ఆ సహజగుణాన్నే కోల్పోతుంది.

అంతకు మించి ఇంట్లో ఎవరూ ఉండని పక్షంలో, ఒక మూల పడక, మరో మూల కాగితం లేదా ప్యాడ్ ఉన్న చిన్న కంచె మెరుగైన ఎంపిక. ఇంట్లో పోయడం తప్పు కాదని ముందు నేర్పి, తరువాత తప్పని నేర్పవలసి వస్తుంది కనుక దీనికి ఎక్కువ కాలం పడుతుంది. అయినా చేతకాని నియమాన్ని పెట్టుకోవడం కంటే ఇదే నయం. ఇల్లంతా కాగితాలు పరచి కుక్కను స్వేచ్ఛగా వదిలేయడం మాత్రం ఏ పరిస్థితికీ సరిపడదు.

ఏ ఏర్పాటు ఎంచుకున్నా నిద్రలేచిన వెంటనే, తిన్న కొద్దిసేపటికి, ఆట ముగియగానే బయటికి తీసుకువెళ్ళాలి, పని అయిన చోటనే తాయిలం ఇవ్వాలి. ఇంటికి వచ్చాక ఇస్తే అది లోపలికి వచ్చినందుకు బహుమతి అవుతుంది. పోసిన చోటును అమోనియా ఉన్న ద్రావణంతో కడగకూడదు, దాని వాసన మూత్రపు వాసనకు దగ్గరగా ఉంటుంది. ఎంజైమ్ ఉన్న క్లీనర్ వాడాలి. మనిషి వంగి పలకరించగానే చెవులు వెనక్కి వాల్చి రెండు చుక్కలు కార్చే పిల్లది మరో సంగతి. అది అలవాటు లోపం కాదు, బెదురు. దాన్ని కోప్పడితే మరింత కారుస్తుంది. పక్కకు తిరిగి కూర్చుని, దాన్నే దగ్గరికి రానిస్తే వయసుతో పాటు తగ్గిపోతుంది.

కొరకడం, నమలడం

కుక్కపిల్లకు 28 పాలపళ్ళు ఉంటాయి. మూడు నాలుగు నెలల వయసులో అవి ఊడడం మొదలై, ఆరు ఏడు నెలలకల్లా 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఈ కాలంలో చిగుళ్ళ సలుపుకు నమలడం అవసరమే కనుక, నమలడాన్ని ఆపే పద్ధతి కోసం వెతకడం కంటే ఏం నమలాలో చూపే పద్ధతిని ఎంచుకోవాలి. రబ్బరు బొమ్మలను, తడిపి ఫ్రీజర్‌లో గట్టిపరచిన గుడ్డను నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. ఎముకలు, కొమ్ములు ఎక్కువ కాలం మన్నుతాయన్న మాట నిజమే గానీ, వాటి వల్ల పళ్ళు విరుగుతాయి. బొటనవేలి గోటితో నొక్కినప్పుడు సొట్ట పడని వస్తువు కుక్క పంటికి కూడా మరీ గట్టిదేనని గుర్తు పెట్టుకోవచ్చు.

ఆటలో చేతిని కొరకడానికి సాధారణంగా రెండు సలహాలు వినిపిస్తాయి: కుయ్యిమని అరవడం, ఆట ఆపి లేచిపోవడం. అరుపు కొన్ని పిల్లలను ఆపుతుంది గానీ చాలా పిల్లలను మరింత రెచ్చగొడుతుంది. ఒకటి రెండుసార్లు చూసి, రెచ్చిపోతే ఆ సలహాను వదిలేయడమే మంచిది. లేచిపోవడం దాదాపు అన్నిటికీ పని చేస్తుంది, అయితే పంటి గాటు పడిన క్షణానే ఆట ఆగాలి, అర నిమిషం తరువాత మళ్ళీ మొదలవ్వాలి, ఇంట్లో అందరూ ఇలాగే చేయాలి. సాయంత్రం వేళ ఉన్మాదం పట్టినట్లు పరుగులు తీస్తూ అందరినీ కొరికే పిల్లకు కావలసినది చాలాసార్లు ఆట కాదు, నిద్ర. చిన్న కుక్కపిల్లలు రోజుకు 18 నుండి 20 గంటలు నిద్రపోతాయన్న విషయం చాలామందికి తెలియదు.

ఎగబడడం, మొరగడం: వదిలేయడమా, మరో పని నేర్పడమా?

తలుపు తెరుచుకుంటుంది, కుక్క రెండు కాళ్ళ మీద లేచి ఛాతీ మీద పాదాలు ఆనిస్తుంది. ఇంటివారు "వద్దు, వద్దు" అంటూ దాని కళ్ళలోకి చూస్తూ రెండు చేతులతో తోస్తారు. ఆ కుక్క కోరినది చూపు, మాట, స్పర్శ. మూడూ ఒకేసారి దక్కాయి. అందుకే అది మరింత ఉత్సాహంగా మళ్ళీ లేస్తుంది. ఇక్కడ మోకాలితో పొడవమనే సలహా కంటే, చేతులు కట్టుకుని పక్కకు తిరిగి నిలబడమనే సలహా మేలు. అయితే పట్టించుకోకపోవడం అనే పద్ధతికి ఒక పెద్ద బలహీనత ఉంది. ఫలితం ఆగిపోగానే ఆ పని తగ్గదు, ముందుగా పెరుగుతుంది, ఇంతకు ముందు పనిచేసినది ఇప్పుడు పనిచేయనందున కుక్క మరింత గట్టిగా ప్రయత్నిస్తుంది. సరిగ్గా ఆ దశలో విసిగి ఎవరైనా లొంగిపోతే, గట్టిగా ప్రయత్నిస్తే దొరుకుతుందని అది నేర్చుకుంటుంది. అందువల్ల అందరూ ఒకే మాట మీద ఉండలేని ఇంట్లో ఈ పద్ధతిని ఒంటరిగా ఎంచుకోకపోవడమే మంచిది. నాలుగు పాదాలు నేల మీద ఉన్న క్షణంలో తాయిలాన్ని నేల మీదనే ఉంచడం, తరువాత కూర్చుంటేనే పలకరింపు అని నేర్పడం, దీనికంటే త్వరగా ఫలిస్తుంది, కుక్కకు ఏం చేయాలో స్పష్టంగా చెబుతుంది.

మొరగడంలో కారణాన్ని బట్టి ఎంపిక పూర్తిగా మారిపోతుంది. భోజనం కోసమో ఆట కోసమో మనిషి ముఖంలోకి చూస్తూ మొరిగేదాన్ని పట్టించుకోకుండా, ఊరుకున్న క్షణంలో ఇవ్వవచ్చు. కిటికీలోంచి దారినపోయేవారిని చూసి మొరిగేదాన్ని పట్టించుకోకపోతే ఏ లాభమూ లేదు, ఎందుకంటే ఆ మనిషి ఎలాగూ వెళ్ళిపోతాడు, తన మొరుగుడే తరిమిందన్న బహుమతి కుక్కకు ప్రతిసారీ దక్కుతుంది. దానికి కిటికీ కింది సగాన్ని కప్పడమే సరళమైన మార్గం. భయంతో మొరిగేదానికి, భయపెట్టే వస్తువును అది తట్టుకోగలిగినంత దూరంలో చూపిస్తూ, చూసిన ప్రతిసారీ తాయిలం ఇచ్చి, దూరాన్ని మెల్లగా తగ్గించాలి. మొరిగితే షాక్ ఇచ్చే కాలర్లూ, ముఖం మీద వాసన చిమ్మే కాలర్లూ ఈ మూడు కారణాల మధ్య తేడాను గుర్తించలేవు.

లాగే కుక్కకు ఏ పట్టీ?

లాగని కుక్కకు మామూలు చదును కాలర్ చాలు. లాగేదానికి ఆ బరువంతా గొంతు మీద పడుతుంది కనుక, ముఖ్యంగా చిన్న జాతులకూ, చప్పిడి ముక్కు జాతులకూ హార్నెస్ (మెడకు బదులు ఛాతీ, వీపుల చుట్టూ వేసే పట్టీ) మేలు. వీపు మీద కొక్కెం ఉండే హార్నెస్ సౌకర్యంగా ఉంటుంది గానీ, లాగడాన్ని ఏమాత్రం తగ్గించదు. ఛాతీ ముందు కొక్కెం ఉండేది, కుక్క ముందుకు దూకినప్పుడు దాన్ని పక్కకు తిప్పుతుంది, కాబట్టి శిక్షణ సాగుతున్న నెలల్లో నేను సూచించేది అదే. మూతి చుట్టూ వేసే పట్టీ, తన కంటే బలమైన కుక్కను నడిపించవలసిన మనిషికి ఎంతో ఉపకరిస్తుంది, అయితే దాన్ని ఒక్కసారిగా తొడిగితే కుక్క పాదాలతో గీకి తీసేయడానికి పెనుగులాడుతుంది. రోజుకు కొన్ని క్షణాల చొప్పున తాయిలాలతో అలవాటు చేయాలి. దానికి పొడవైన లీష్ తగిలించకూడదు, హఠాత్తుగా పరుగెత్తి ఆగితే మెడ విరిచినట్లు తిరుగుతుంది. సాగి చుట్టుకునే లీష్‌ను శిక్షణ కాలంలో అసలు వాడకూడదు. అది ఎప్పుడూ కొంత బిగువుగానే ఉంటుంది, లాగిన కొద్దీ పొడవు ఇస్తుంది, అంటే మనం మాన్పించదలచినదాన్నే నేర్పుతుంది.

పరికరం ఏదైనా నడక నేర్పదు. లీష్ బిగిసిన క్షణంలో ఆగి, అది వెనక్కి చూసి లీష్ వదులైన క్షణంలో మళ్ళీ కదలడం, మన కాలి పక్కన నడిచినప్పుడల్లా మోకాలి ఎత్తులో తాయిలం అందించడం, ఈ రెండే నేర్పుతాయి. మొదటి రోజుల్లో వీధి చివరిదాకా చేరడానికే చాలా సమయం పడుతుంది. తొందరగా ఉన్న రోజున పాఠం పెట్టుకోకుండా, వీపు కొక్కేనికి లీష్ తగిలించి వెళ్ళడం మంచిది. ముందు కొక్కెం అంటే పాఠం, వీపు కొక్కెం అంటే మామూలు తిరుగుడు అని కుక్క త్వరగానే తేడా గ్రహిస్తుంది.

శిక్ష పూర్తిగా తప్పయ్యే రెండు సందర్భాలు

మొదటిది, తిండినో వస్తువునో కాపాడుకోవడం. దీని తొలి గుర్తులు చిన్నవి. దగ్గరికి వెళ్ళగానే కుక్క తినే వేగం పెరుగుతుంది, ఒళ్ళు బిగుసుకుంటుంది, తల ఎత్తకుండానే కంటి తెల్లగుడ్డు అంచు కనిపించేలా పక్కకు చూస్తుంది. తరువాత గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొడితే భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది, మరోసారి అది చప్పుడు లేకుండా కరుస్తుంది. గిన్నెను లాక్కుని ఎవరు పెద్దో చూపించమనే సలహా, కుక్క ఏ నష్టానికి భయపడుతోందో ఆ నష్టాన్నే నిజం చేస్తుంది. దానికి బదులు గిన్నె దగ్గరగా నడుస్తూ అంతకంటే రుచికరమైనది అందులో వేసి వెళ్ళిపోవడం, నోట్లోని వస్తువుకు మెరుగైన మరొకటి ఇచ్చి మార్చుకోవడం ఎంచుకోవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది కనబడితే స్వయంగా ప్రయత్నించకుండా నిపుణులను పిలవాలి.

రెండవది, ఒంటరితనపు భయం. కెమెరా పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. తోచని కుక్క కొంతసేపు నిద్రపోయి, లేచి, ఏదో ఒకటి చింపుతుంది. భయపడే కుక్క సాధారణంగా మనిషి వెళ్ళిన మొదటి అరగంటలోపే రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, ఊళపెడుతుంది, తలుపునూ కిటికీనీ గీకుతుంది. అలాంటిదాన్ని క్రేట్‌లో బంధిస్తే పళ్ళు, గోళ్ళు విరగగొట్టుకుంటుంది. ఇక్కడ పనికివచ్చేది, అది భయపడని కొద్ది సెకన్లతో మొదలుపెట్టి ఒంటరి సమయాన్ని అతి మెల్లగా పెంచడం. తీవ్రంగా ఉంటే పశువైద్యుడు క్లోమిప్రమిన్ లేదా ఫ్లూఓక్సెటిన్ వంటి మందును జతచేయవచ్చు. మందు ఆఖరి ప్రయత్నమని అనుకోకూడదు, భయంతో నిండిన బుర్రకు పాఠం ఎక్కదు.

ఎవరి సహాయం తీసుకోవాలి?

మామూలు అల్లరికి, నాలుగైదు నెలలలోపు పిల్లకు, బృంద తరగతి చవకైన మంచి ఎంపిక. మూడు వారాల నుండి సుమారు 14 వారాల వయసు వరకు చూసిన మనుషులు, శబ్దాలు, జంతువులు కుక్కకు జీవితాంతం మామూలువిగా అనిపిస్తాయి, తరగతిలో ఇతర పిల్లల మధ్య ఆ పరిచయం కూడా జరుగుతుంది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా ఆగితే ఆ కాలం దాటిపోతుంది కనుక, తొలి టీకాలు వేసిన పిల్లలను మాత్రమే చేర్చుకునే శుభ్రమైన తరగతిని ఎంచుకుని, వీధికుక్కలు తిరిగే నేల మీద దించకుండా ఎత్తుకుని లోకం చూపించాలి. ఇంటికి వచ్చే ట్రైనర్‌కు ఖర్చు ఎక్కువ, కానీ ఇంట్లోనే జరిగే సమస్యలకూ, ఇతర కుక్కలను చూసి బెదిరే పిల్లకూ అదే సరైనది. కుక్కను కొన్ని వారాలు అప్పగించి, నేర్చుకున్నాక తెచ్చుకునే ఏర్పాటు తీరిక లేనివారిని ఆకర్షిస్తుంది. అయితే కుక్క ఒక చోట, ఒక మనిషి దగ్గర నేర్చినదాన్ని మరో చోటికి సులువుగా తెచ్చుకోదు, అక్కడ తలుపు వెనుక ఏ పద్ధతి వాడారో చూసే అవకాశమూ ఉండదు. ఈ మూడింటిలో నేను చివర ఉంచేది దీన్నే.

చాలా దేశాల్లో ట్రైనర్‌గా పనిచేయడానికి లైసెన్సు అక్కరలేదు, కాబట్టి ఎంపిక భారం మనమీదే పడుతుంది. కుక్క సరిగ్గా చేస్తే ఏం ఇస్తారు, తప్పు చేస్తే ఏం చేస్తారు, ఆ పద్ధతి ఫలించకపోతే తరువాత ఏం చేస్తారు అని అడగాలి. మూడవ ప్రశ్నకు జవాబు మరింత గట్టి కాలర్ అయితే లేచి రావాలి. ఒక తరగతిని కుక్క లేకుండా ముందుగా చూడనివ్వమని అడగడం కూడా న్యాయమే, ఒప్పుకోనివారి దగ్గర చేర్చకూడదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా ఆరు నెలలు దాటాక ఒక దశలో అది విఫలమైనట్లు కనిపిస్తుంది. 2020లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఎనిమిది నెలల వయసు కుక్కలు తమను పెంచేవారు కూర్చోమన్నప్పుడు మునుపటి కంటే తక్కువగా విన్నాయి, కొత్తవారు చెప్పినప్పుడు మాత్రం అలా జరగలేదు. ఇది కౌమారం, పద్ధతి తప్పు కాదు. ఈ సమయంలోనే చాలామంది ఓపిక నశించి కఠిన మార్గానికి మారతారు, మరికొందరు కుక్కనే వదిలించుకుంటారు. మారవలసినది పద్ధతి కాదు, దాని స్థాయి. తాయిలాన్ని మళ్ళీ తరచూ ఇవ్వాలి, పరధ్యానం తక్కువ ఉన్న చోటికి పాఠాన్ని వెనక్కి తీసుకువెళ్ళాలి, నమ్మకంగా పిలిస్తే వచ్చేదాకా బహిరంగ స్థలంలో పొడవైన తాడును హార్నెస్‌కు కట్టి ఉంచాలి. ఏడాది నుండి ఏడాదిన్నర వయసు మధ్య, పెద్ద జాతుల్లో ఇంకొంచెం ఆలస్యంగా, అది నిలకడకు వస్తుంది.